పదిహేడు ‘సరేలే’లు

మా తమ్ముడి కూతురు మాటలు రాసిన మొదటి సినిమా, నవ్వుల ప్రేమకథ, మన హాల్లో నూరు రోజులు ఆడింది. అంతకుముందు ఆరేళ్లు ఆ పిల్ల కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. సినిమా ఆడాక ఆ గెలుపులో నాకూ వాటా ఉందని అందరికీ చెప్పుకున్నాను. చెప్పుకోనా మరి? ఊరి బళ్లో ఎనిమిది దాకా చదివి, ముప్పై నాలుగేళ్లు ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. నా చేతుల్లో ఒక్క రీలు కాలలేదు. పిల్ల పెరిగింది కూడా నా ప్రొజెక్టర్ గదిలోనే.

ఆ సినిమాకి ప్రాణం ఒక్క మాట. కొట్లాటలన్నీ అయ్యాక చివర్లో హీరోయిన్ “సరేలే” అంటుంది. ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఒప్పుకోనట్టూ ఉంటుంది. అది మా ఆవిడ మాట. నలభై ఏళ్లుగా నా నోరు మూయిస్తున్నది అదే.

రెండో భాగం రాసినప్పుడు పిల్ల కాగితాలు తెచ్చి నాకు చదివి వినిపించింది. ఆ మాట ఒక్కచోటే ఉంది. జనం దానికోసమే వస్తారు, ఇంకో నాలుగు చోట్ల వెయ్యమన్నాను. ఒక్కసారైతేనే బాగుంటుందని నసిగింది. జనాన్ని ఇన్నేళ్లు పైనుంచి చూసినవాణ్ణి, నాకు తెలియదా అన్నాను. కాదనలేక వేసింది. అది నిర్మాతకీ నచ్చి మరికొన్ని వేయించాడు.

మొదటిరోజు మ్యాట్నీకి నేనూ పిల్లా వెళ్లాం. లెక్కపెట్టాను, పదిహేడు. ఇంటర్వెల్ అయ్యేసరికి హీరోయిన్ నోరు తెరవకముందే జనం అనేస్తున్నారు. ఆస్పత్రి మంచం దగ్గర హీరో కన్నీళ్లతో అదే మాట అంటే హాలంతా పగలబడి నవ్వింది. ఏడవాల్సిన చోటది.

బయటికొస్తుంటే మన గేట్‌కీపర్ పట్టుకున్నాడు.

“ఏం గురూ, ఇదీ మీ అమ్మాయేనా రాసింది?”

“కాదట. ఈసారి ఇంకెవరో.”

వాడి చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. తిరిగి చూస్తే పిల్ల. నేను సీట్లో మర్చిపోయిన గొడుగు తన చేతిలో ఉంది.

“సరేలే పెదనాన్నా,” అంది.

ఆ వారమే ఒక నాటక సంస్థలో పని చూసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. ఫోన్ మా ఆవిడకే చేస్తుంది. గేట్‌కీపర్‌కి మర్నాడే నిజం చెప్పాను. కానీ వాడొక్కడికి చెబితే నేను తలెత్తుకోగలనా? అందుకే మన హాలు సిబ్బంది సంఘం పుస్తకంలో, అందరూ చదివేలా రాస్తున్నాను. రెండోదీ మా అమ్మాయే రాసింది. అందులో చెడిందంతా నా సలహా.

అచ్చుకి ఇచ్చేముందు ఈ కాగితం తనకే పంపాను. చదివానని చెప్పమందట మా ఆవిడతో. జూన్ పద్దెనిమిదిన, మధ్యాహ్నం రైలుకి వస్తుందట.