మా ఇంట్లో ప్రస్థానం మూటలు

రాజమండ్రిలో రైలు స్టేషను కట్టేటప్పుడు నన్నెవరూ సలహా అడగలేదు గాని, కట్టింది మాత్రం మా ఇంటి కోసమే. నేను వీధి అరుగు మీద తుమ్మితే, శకునం బాగోలేదని ఇంజను డ్రైవరు కాసేపు ఆగేవాడు.

అయితే రైలుకు వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు. ఊరివాళ్ళకు రెండూ ఉన్నాయి. అందుకని మంచి ఘడియ చూసి, ముందురోజే ఒక మూట తెచ్చి మా ఇంట్లో పెట్టిపోయేవారు. ప్రస్థానం పెట్టడమంటే అదే. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే. ఆ తరవాత బండి ఏ పాడు వేళ వచ్చినా మూట పుచ్చుకుని ఎక్కేయడమే. స్టేషనుకు అతుక్కున్న ఇల్లు కనక ఊరంతటి మూటలూ మా సావిట్లోనే. ఆ మూటల గుట్టకు అటు మా ఆవిడ, ఇటు నేను. చాలాకాలం ఒకరి గొంతు ఒకరం విని కాపురం చేశాం.

మా మేనత్త కూతురికి సామర్లకోటలో నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి తను పక్కనుండి తీరాలని అత్తయ్య పట్టుదల. మధ్యాహ్నపు బండి వేళకు దుర్ముహూర్తం కనక, ముందురోజే మూట తెచ్చి గుట్ట మీద పెట్టింది.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి మూట లేదు. పొద్దుటి బండికి వెళ్ళిన పెద్దమనిషి ఎవరో తనది వదిలేసి ఆవిడది పట్టుకుపోయాడు. విప్పి చూస్తే రెండు పంచెలు, ఒక పొడుం డబ్బీ.

"నా ప్రస్థానం పోయిందిరా!" అని అత్తయ్య చతికిలబడింది. "ఈ పాడు వేళ బయలుదేరి పురిటింటికి ఎలా వెళ్ళనురా? పిల్లకి మళ్ళీ ఏమన్నా అయితే?"

"ఇంకో మూట కడతానండీ పిన్నిగారూ," అంది మా ఆవిడ.

"ఇప్పుడు కడితే అది దుర్ముహూర్తపు మూటవుతుందే పిచ్చిదానా!"

బండి కూత వినపడింది. నాకు శాస్త్రం రాదు. రాని శాస్త్రం చెప్పడంలో మాత్రం గోదావరికి ఇరువైపులా నన్ను మించినవాడు లేడు.

"అత్తయ్యా, మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టేనా, కాదా?"

"అవును."

"మరి నీ మూట పొద్దున్నే రైలెక్కేసింది. అంటే నువ్వూ ఎక్కేశావు. ఈపాటికి సామర్లకోటలో దిగుంటావు. ఇంకా ఇక్కడ కూర్చున్నావేంటి?"

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "పొద్దున్న వేళ మంచిదేనంటావా?"

"అమృత ఘడియలు!" అన్నాను. పంచాంగం ఏ గూట్లో ఉందో కూడా నాకు తెలియదు.

ఆవిడ లేచిన విసురుకు మూటల గుట్ట కూలింది. ప్లాట్‌ఫారం మీదికి బండి కంటే ముందు అత్తయ్యే చేరింది.

ఆ సాయంత్రమే అమ్మమ్మ చేతుల్లో ఆడపిల్ల పడింది, కేరుమంటూ. పురుడు వెళ్ళాక అత్తయ్య తిరిగొచ్చి నా చెవి మెలేసింది.

"అమృత ఘడియలట! రైల్లో ఎదురుగా కూర్చున్న శాస్త్రులుగారు పంచాంగం తీసి, పొద్దుటి వేళంతా వర్జ్యమన్నారు తెలుసా?"

"మరి దిగిపోలేదేం?"

"నేనెందుకు దిగుతానురా? వర్జ్యంలో నా మూట పట్టుకుని బయలుదేరిందెవరు? ఆ పొడుం డబ్బీవాడు. వర్జ్యం వాడిది, మనవరాలు నాది!"