మోకాలి మీద చుట్టిన సున్నా

బడి నర్సును పిల్లలు ‘దూది ఆంటీ’ అంటారు. పందొమ్మిదేళ్లుగా అదే గది, రెండు మంచాలు, బరువు చూసే మిషను. ఏ పిల్ల మీదైనా హింస జరుగుతోందని అనుమానం వస్తే ఆమె ఒక ఫారం నింపి పిల్లల సంరక్షణ కార్యాలయానికి పంపాలి. ఫారంలో మనిషి బొమ్మ ఉంటుంది. దెబ్బ ఎక్కడుంటే అక్కడ సున్నా చుట్టాలి. కొట్టడం, ముట్టుకోకూడని చోట ముట్టుకోవడం, తిండీ బట్టా పట్టించుకోకపోవడం, మనసు విరిచేయడం, అన్నీ హింసేనని శిక్షణలో చెప్పారు. ఫారం అచ్చు వేసినవాళ్లకు మొదటిదే గుర్తున్నట్టుంది.

నాలుగో తరగతి పాప ఒకతె రోజూ ఆఖరి గంటకు ముందు కడుపునొప్పంటూ వచ్చి పడుకునేది. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. ఒంటి మీద చిన్న గీటు కూడా లేదు.

“ఇంటికెళ్లే టైముకే నొప్పొస్తుందేంటే?” అని నర్సు అడిగింది.

“ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడరు ఆంటీ. లెక్కల్లో ఫస్టొచ్చేదాకా మాట్లాడొద్దని నాన్న చెప్పాడు. నాయనమ్మ కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతుంది.”

“మరి అమ్మ?”

“నాన్న లేనప్పుడు తల నిమురుతుంది. మాట్లాడదు. తమ్ముడు ఓసారి మర్చిపోయి అక్కా అన్నాడు. ఆ రోజంతా వాడితోనూ ఎవరూ మాట్లాడలేదు.”

“ఎన్నాళ్లయింది?”

“సెలవుల నుంచి.”

నర్సు బొమ్మను ఖాళీగా వదిలి, కింద పాప మాటలు, నెలనెలా బరువు రాసి పంపింది. వారంలో ఫారం వెనక్కి వచ్చింది. ‘గాయం చూపలేదు.’

“మా నాన్న మమ్మల్ని బెల్టుతో బాదేవాడు,” అంది హెడ్మిస్ట్రెస్. “ఈయన చెయ్యెత్తలేదు కదమ్మా. గోరంతను కొండంత చేస్తావేం?”

“వాతలైతే ఎవరికైనా చూపించొచ్చు మేడమ్. ఈ పాప దీన్నెలా చూపిస్తుంది?”

ఆ వారమే పాప ఆటస్థలంలో పడి మోకాలు చెక్కుకుంది. మందు రాసింది నర్సే. ఒళ్లు మండి ఉన్న ఆమె ఇంకో ఫారం తీసి, బొమ్మ మోకాలి మీద సున్నా చుట్టి, ‘ఇంట్లో తగిలిన దెబ్బ’ అని రాసేసింది. మూడో రోజుకల్లా అధికారి పాప ఇంటికి వెళ్లాడు.

“ఇదెలా తగిలిందమ్మా?”

“బళ్లో ఆడుకుంటూ పడ్డాను. దూది ఆంటీనే మందు రాసింది.”

పాప నిజమే చెప్పింది. అధికారి ఇంకేమీ అడగలేదు. తండ్రి వీధి గుమ్మం దాకా వచ్చి మర్యాదగా సాగనంపాడు. ఫైలు మూసేశారు. పాప నర్సు గదికి రావడం మానేసింది. వరండాలో ఎదురుపడినా తల దించుకుని తప్పుకుంటోంది.

నర్సు సెలవు పెట్టి, మూడో ఫారం పట్టుకుని కార్యాలయానికి వెళ్లింది.

“ఈ పాపది మూసేశాం కదమ్మా,” అన్నాడు గుమాస్తా.

“మోకాలి సంగతి అబద్ధం బాబూ. నేనే రాశాను. ఇందులో మొదటి వాక్యం అదే. మిగతాదంతా నిజం.”

“ఇది తీసుకుంటే మీ ఉద్యోగానికే ఎసరొస్తుంది. ఆలోచించుకోండి.”

“ఆలోచించే వచ్చాను. ముద్ర వెయ్యండి.”

పది రోజులకు కవరు వచ్చింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు. పాప గురించి ఒక్క ముక్క లేదు. నర్సు మొదటి పేజీలో తప్పు ఒప్పుకుంది. రెండో పేజీలో బరువులు, తేదీలు మళ్లీ మొదటి నుంచి రాసి, ఆ ఇంటికి ఎప్పుడు వెళ్తారని అడిగింది.