తేదీ ఖాళీగా ఉంచిన పోస్టర్

1986లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ వెనక సందులో నాకో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. తెనాలి నుంచి వచ్చి, ఒక పాత సిలిండర్ మిషను, కొన్ని కేసుల టైపు కొనుక్కుని మొదలుపెట్టాను. ఎల్బీనగర్ అవతల జొన్నచేలన్నీ ప్లాట్లయిపోతున్న కాలం అది. వారానికో కాలనీ పుట్టేది, పుట్టిన ప్రతి కాలనీకీ ఒక కరపత్రం కావాలి. నా పనిలో సగం ఆ కరపత్రాలు, మిగతా సగం పార్టీల యువజన విభాగాల, విద్యార్థి సంఘాల పోస్టర్లు.

ఇప్పటి పిల్లలకు ఆ పని ఎలా జరిగేదో చెప్పాలి. ఒక్కో సీసపు అక్షరాన్ని కేసులోంచి, అంటే గళ్ల పెట్టెలోంచి, ఏరి పేర్చడాన్ని కంపోజింగ్ అంటాం. పోస్టర్‌లో పెద్ద అక్షరాలకు చెక్క టైపు వాడతాం. ఫోటో వెయ్యాలంటే మాత్రం బ్లాక్ చేయించాలి. బ్లాక్ అంటే ఫోటోను జింకు రేకు మీద చెక్కించి చెక్కముక్కకు బిగించినది. అది కోఠీ వైపు చేసేవారు. ఇవాళ ఇస్తే ఎల్లుండి చేతికొచ్చేది, కాళ్లు పట్టుకున్నా అంతకు ముందు రాదు.

నాకు కోపం ఎక్కువ. ఆలస్యంగా వచ్చి తొందరపెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. అంతకు ముందు ఏడాది ఒక పెద్ద పార్టీ విద్యార్థి విభాగం కుర్రాళ్లు, తమ నాయకుడొకాయన పోయాడని పొద్దున ఫోటో తెచ్చి మధ్యాహ్నానికి పోస్టర్లు కావాలన్నారు. వాళ్ల ఏరియా కన్వీనర్ రవీందర్. అప్పటికి డిగ్రీ రెండో సంవత్సరం, మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా వాణ్ణి ఎరగని కాలేజీ లేదు.

"మనిషి పోయాక వస్తే బ్లాక్ ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఏ పనైనా రెండ్రోజులు ముందు చెప్పాలయ్యా," అని చెడామడా తిట్టాను.

అన్న మాట అర్థమయ్యాక వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పోస్టర్లు ఫోటో లేకుండానే వెళ్లాయి, దాని మీద పార్టీ ఆఫీసులో రవీందర్‌కు బాగా అక్షింతలు పడ్డాయని తర్వాత తెలిసింది.

1986లో కాలేజీలు తెరిచిన కొత్తలో బస్ పాసుల కోసం వీళ్లు ఊరేగింపు తీశారు. ఎల్బీనగర్ చౌరస్తాలో నర్సింహ అనే ఇంటర్ కుర్రాడు లారీ క్యాబిన్ ఎక్కి జెండా కడుతూ జారి రోడ్డు మీద పడ్డాడు. తల పగిలింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారని బస్టాప్‌లో అందరూ చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే రవీందర్ వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఐడెంటిటీ కార్డులోంచి పీకిన నర్సింహ ఫోటో, ఒక కాగితం మీద రాసిన మ్యాటర్ నా ముందు పెట్టాడు. "విద్యార్థి వీరుడు నర్సింహకు జోహార్లు. సంతాప సభను జయప్రదం చేయండి."

నేను అడిగినవి నాకు బాగా గుర్తున్నాయి. సైజెంత, ఎన్ని, ఏ రంగు, ఎప్పటికి కావాలి.

"సభ తేదీ రాయలేదే?" అన్నాను.

"తారీఖు జాగ ఖాళీగ ఉంచన్నా. మేం చేత్తోని రాస్కుంటం."

"సరే. ఇన్నాళ్లకు టయానికి వచ్చావు," అని మెచ్చుకున్నాను కూడా.

వాడు పోయాడని రవీందర్ అనలేదు. పోయాడా అని నేను అడగలేదు. జోహార్లు అని రాసి ఇస్తే ఇంకేం అడుగుతాం అనుకున్నాను. చిన్న వయసు కదా అని బాధపడుతూనే పేరుకు అన్నిటికన్నా పెద్ద చెక్క టైపు వాడాను. తేదీ అన్న మాట పక్కన నాలుగు వేళ్ల జాగా వదిలాను. అడుగున చిన్న అక్షరాల్లో మా ప్రెస్ పేరు, ఊరు వేశాను. అచ్చువేసినవాడి పేరు ఉండాలన్నది చట్టం. మూడో రోజు పొద్దున్నే బ్లాక్ రాగానే అచ్చువేశాను, పదింటికల్లా కట్టలు తీసుకుపోయారు.

అదే రోజు మధ్యాహ్నం ఒకాయన ప్రెస్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. యాభై లోపు మనిషి, మాసిన తెల్ల చొక్కా, చేతిలో తడి ఆరని పోస్టర్. గోడ మీంచి ఒలిచి తెచ్చినట్టు ఒక మూల చిరిగి ఉంది.

"గీ ప్రెస్సు మీదేనా సారూ?"

"మాదే. ఏం కావాలి?"

"నా పేరు బిక్షపతి. నర్సింహ నా కొడుకు." ఆయన పోస్టర్‌ను బల్ల మీద పరిచాడు. "నేను దవాఖానలకెల్లి ఒచ్చి గంట గూడ కాలే. పొద్దుగాల కండ్లు తెరిచిండు. అవ్వా అని తల్లిని పిలిచిండు. సలి పెడ్తున్నదంటే ఇంటికి పోయి దుప్పటి తెద్దామని బయలెల్లిన. ఈడ బస్సు మారేటప్పుడు గోడ మీద మావోని ఫోటో కనబడ్డది. మీకు ఎవరు చెప్పిర్రు సారూ? ఎన్ని గంటలకు పాయె?"

ఆయన నన్ను తిట్టడానికి రాలేదు. తాను ఆసుపత్రి దాటిన ఆ గంటలో కొడుకు చనిపోయాడనీ, తనకన్నా ముందు ఆ కబురు ప్రెస్సుకు చేరిందనీ నమ్మి, టైము కనుక్కుందామని వచ్చాడు. అచ్చులో ఉంది కాబట్టి నిజమై ఉంటుందనుకున్నాడు. పొద్దున కళ్లు తెరిచినవాడి పోస్టరుకు నేను రెండ్రోజుల క్రితమే బ్లాక్ చేయించానని ఆయనకెలా చెప్పను? బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"నాకేమీ తెలీదండీ. పదండి, వెళ్లి చూద్దాం," అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆ గంటలో ఏమైనా జరిగి ఉండొచ్చు.

స్కూటర్ మీద మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా వెళ్లాం. ఆయన వెనక కూర్చున్నాడు. చేతిలో పోస్టర్ గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. మడిచి జేబులో పెట్టుకోడేం అని నాకు విసుగొచ్చింది. నేను ఏరి పేర్చిన అక్షరాలే కదా అవి. దేవుడా, ఈ పిల్లాడు బతికుంటే చాలు అని దారంతా మొక్కుకున్నాను.

వార్డు తలుపు దగ్గర ఆయన ఆగాడు. పోస్టర్ నా చేతికిచ్చి, "గిది నీ దగ్గర పెట్టుకో సారూ. పిలగాని తల్లికి కనబడొద్దు," అన్నాడు. అయినా గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను భుజం మీద చెయ్యి వేసి నడిపించాను.

కిటికీ పక్క మంచం మీద కుర్రాడున్నాడు. తలకు కట్టు. తల్లి చెంచాతో నోట్లో గంజి పోస్తోంది. మమ్మల్ని చూసి మొహం చిట్లించింది.

"దుప్పటేది? దుప్పటి తెస్తనని పోయి ఉత్త చేతుల్తోని ఒచ్చినవా?"

"బస్సు దొరకలే," అన్నాడు బిక్షపతి.

"మరి గీ సారెవరు?"

"దోస్తు. పిలగాన్ని చూడనీకి ఒచ్చిండు."

అలా అని మంచం పక్కన నేల మీద కూలబడి కొడుకు పాదం పట్టుకున్నాడు. ఏమైందని ఆవిడ రెండుసార్లు అడిగింది. ఎండకు కళ్లు తిరిగాయని చెప్పాడు. నేను వరండాలోకి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను.

తర్వాత ఆయన బయటికొచ్చి అసలు సంగతి చెప్పాడు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాలి, పసిపిల్ల ఉంది. అదే బస్సు, అదే దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్. "ఆమెకు సదువు రాదు సారూ. గని ఫోటో సూస్తది గదా. పానం ఆగుతదా?" అన్నాడు.

వెనక్కి ఎలా వచ్చానో తెలియదు. బకెట్టులో నీళ్లు, ఒక గోకుడు రేకు తీసుకుని బస్టాప్ గోడ దగ్గర మొదలుపెట్టాను. మైదా జిగురు ఆరకముందే తడిపితే పోస్టర్ తేలిగ్గా ఊడుతుంది. ఇరవై దాకా తీశాక రవీందర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం జేస్తున్నవన్నా?"

"వాడు బతికున్నాడురా. గంజి తాగుతున్నాడు."

రవీందర్ మొహం తెల్లబోయింది. "అంటించమని నేను చెప్పలేదన్నా, ఒట్టు. ఆఫీసుల పెట్టుమన్న. మావోల్లు తొందరపడ్డరు."

"అసలు వేయించడమేంట్రా? ఎలా మనసొప్పింది నీకు?"

"రాత్రి గడుస్తదో లేదో అన్నరు డాక్టర్లు. అవతలి సంఘమోల్లు నర్సింహ మావోడే అని ఇంకో ప్రెస్సుకు పోతున్నరని తెలిసింది. ఎవరి పోస్టర్ ముందు పడితే వాడు వాళ్లోడు అయితడన్నా." తల దించుకుని, "బ్లాక్‌కు రెండ్రోజులు పడ్తది, ముందుగల్ల చెప్పాలె అని నువ్వే అంటివి గదా," అన్నాడు.

చేతిలో రేకు అలాగే ఉండిపోయింది. ఆ మాట నాదే. నేను నవ్వుతూ అన్నదాన్ని వాడు ఏడాదిపాటు బుద్ధిగా గుర్తుపెట్టుకుని, కళ్లు వాచేలా ఏడుస్తూనే వచ్చి ఆర్డరిచ్చాడు. రవీందర్ చెడ్డవాడు కాదు. నర్సింహకు రక్తమిచ్చిన మొదటివాడు వాడేనని తర్వాత తెలిసింది. అలాంటివాడు ఇలాంటి పని ఎలా చేశాడో తలుచుకుంటే నాకిప్పటికీ దిగ్భ్రమే. ఆ పోస్టర్లు చేతికందించిన నా సంగతి అంతకన్నా.

వాడు చొక్కా చేతులు మడిచి బకెట్టు అందుకున్నాడు. మిగతా కుర్రాళ్లు సైకిళ్ల మీద ఎల్బీనగర్ వైపు వెళ్లారు. ఆరింటి బస్సు వచ్చేసరికి గోడలన్నీ తడిగా, ఖాళీగా ఉన్నాయి. ఆవిడ ఆ బస్సు దిగి మా ముందు నుంచే నడిచి వెళ్లింది. నన్ను గుర్తుపట్టి, ఆసుపత్రికి వచ్చినందుకు దండం పెట్టింది. నేను తిరిగి దండం పెట్టలేకపోయాను.

నర్సింహ కోలుకున్నాడు. ఒక చెవి వినిపించకుండా పోయింది, అంతే. రెండు నెలల తర్వాత బిక్షపతి ప్రెస్సుకొచ్చాడు. పోచంపల్లిలో మగ్గం నేస్తూ పెరిగి, అప్పటికి కొత్తపేటలో చీరల దుకాణంలో పనిచేస్తున్నాడు.

"గా అచ్చరాలు ఇంక అట్లనే ఉన్నయా సారూ?" అని అడిగాడు.

అచ్చయ్యాక టైపును విప్పి ఎక్కడివక్కడ కేసుల్లో వేస్తామని, దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటామని చెప్పాను. నర్సింహ పేరు అదే రోజు నా చేతులతోనే విప్పేశాను. బ్లాక్ మాత్రం విప్పేది కాదు, బీరువాలో దాచాను. తీసి ఇచ్చాను. దాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు.

"ఆ రోజు స్కూటర్ మీద ఆ కాగితం మడవకుండా పట్టుకున్నారెందుకు?" అని అడిగాను. అన్నాళ్లూ నన్ను తొలుస్తున్న ప్రశ్న అది.

"తారీఖు జాగ ఖాళీగ ఉండె గద సారూ," అన్నాడు. "పేరున్నది, ఫోటో ఉన్నది, తారీఖు లేదు. తారీఖు లేకుంటే ఇంక కాలేదేమో అనుకున్న. దవాఖాన దాక గా జాగనే సూస్కుంట ఒచ్చిన."

ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రెస్ నడిపాను. సంతాపం, దశదిన కర్మ, ఏ కాగితమొచ్చినా సైజు, రంగు అడిగే ముందు ఒకటే అడిగేవాణ్ణి, "వాళ్లింట్లో వాళ్లకు తెలుసా?" అని. కొందరు విసుక్కున్నారు, ఒకాయన కోప్పడి వేరే ప్రెస్సుకు వెళ్లిపోయాడు. పోతే పోనీ అనుకున్నాను.