హుడ్డుకు బదులు నా చెయ్యి

ఆదోనిలో కెమెరాల దుకాణం ఆయన నా లెన్స్‌కు ఒక హుడ్డు తొడిగి చూపించాడు.

"ఎండ అద్దం మీద పడదన్నా, తీసుకో."

"ఎండకు అడ్డం పెట్టేకి దేవుడు నాకు ఎడమచెయ్యి ఊరికే ఇచ్చినాడప్పా!" అని నవ్వి వచ్చేశాను.

ఆ వారమే ఎమ్మిగనూరులో పెళ్లి. తలంబ్రాల వేళకు ఎదురెండ. ఎడమచెయ్యి లెన్స్‌కు నీడగా పట్టి, కుడిచేత్తో ఫొటోలు తీశాను.

ఆల్బం తీసుకెళ్తే పెళ్లికూతురి అవ్వ అన్నింట్లోకీ మంచి ఫొటో మీద వేలు పెట్టింది. జంట తలల పైన నా నాలుగు వేళ్లు మసకగా వాలి ఉన్నాయి.

"ఎవురిదప్పా ఈ చెయ్యి?"

ఆ ఇంట్లో చిన్నమ్మాయి పెళ్లి కూడా నాకే వస్తుందని ఆశ పెట్టుకున్నాను. అది పోయినట్టే అనుకున్నాను.

"నాదే అవ్వా. ఆశీర్వాదం చేస్తాండాను."

అవ్వ పడీపడీ నవ్వి, దానికే పటం కట్టించింది. నేను మాత్రం మరునాడే ఆదోనికి పోయి హుడ్డు కొన్నాను. ఏడో తరగతిలో ఆగింది చదువే, బుద్ధి కాదు.

చిన్నమ్మాయి పెళ్లికీ నన్నే పిలిచారు. తలంబ్రాలు మొదలవగానే మండపంలోంచి అవ్వ కేకేసింది.

"ఏమప్పా, పెద్దదానికి పెట్టిన చెయ్యి దీనికి పెట్టవా?"

హుడ్డు పీకి జేబులో వేసుకున్నాను. ఈసారి ఐదు వేళ్లూ పెట్టాను.