సచికోగారి తొట్టిలో నా తలంటు

నేను చేసిన ఒకే ఒక్క స్నానం వల్ల సిడ్నీలో ఒక ఇంటి మురుగుగొట్టం ఎలా మూసుకుపోయిందో, నలుగురు పెద్దావిడలు నన్ను వైద్యురాలిగా ఎలా నమ్మారో ఇప్పుడు చెబుతాను. చదివాక మీరు నాతో మాట్లాడటం మానేసినా నేనేమీ అనుకోను.

వై2కె ఏ కంప్యూటరునూ పేల్చకుండా వెళ్లిపోయిన ఏడాది అది. మా తెనాలిలో కంప్యూటరు కోర్సు చేయని మనిషిని జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవారు. ఆ చూపులు భరించలేక మాస్టర్స్ చేయడానికి సిడ్నీ వచ్చాను. మొదట హారిస్ పార్కులో రెండు గదుల ఇంట్లో మరో ఆరుగురు ఆడపిల్లలతో ఉన్నాను. అక్కడ రాత్రి ఒకరు పక్కకు తిరగాలంటే వరస మొత్తం తిరగాలి. అందుకే యూనివర్సిటీ నోటీసుబోర్డు మీద గది ఖాళీ అన్న కాగితం కనపడగానే, ఇంకెవరూ చూడకుండా పీక్కుని మరీ పరిగెత్తాను.

ఇల్లుగలావిడ సచికోగారు. అరవై దాటిన జపాను మనిషి. భర్త పోయాక జపాను నుంచి చదువుకోడానికొచ్చే అమ్మాయిలకు గదులు అద్దెకిచ్చేవారు. అప్పటికే యుమి, కెయికో అని ఇద్దరున్నారు. ఇంట్లో మాట జపనీసు, తిండి జపనీసు, గుమ్మంలో చెప్పులు పెట్టే తీరు కూడా జపనీసే. ఆస్ట్రేలియాకు వీసా తీసుకుని జపానులో దిగినట్టయింది నా పని. ఒక వారం ఉండి చూడు, నీకూ మాకూ కుదిరితే ఉండిపో అన్నారావిడ, నాకోసం ఇంగ్లీషులో. కుదరకపోతే? మళ్లీ ఆ వరసలోకే.

ఐదు రోజులు బుద్ధిగా గడిచాయి. పొద్దున్నే చేతిషవరుతో గబగబా ఒళ్లు తడుపుకుని యూనికి పోయేదాన్ని. శనివారం సాయంత్రం సచికోగారు తొట్టినిండా వేన్నీళ్లు పట్టించి, నువ్వు కొత్తదానివి కాబట్టి ఈవేళ మొదటి స్నానం నీదే అన్నారు. మొదటిది అన్నారంటే రెండోది, మూడోది కూడా ఉంటాయని ఎవరికైనా తట్టాలి. నాకు తట్టలేదు.

గచ్చు మీద చిన్న పీట, పక్కన చెంబులాంటి గిన్నె, మూలన మెడలోతు తొట్టి, అందులో పొగలు కక్కుతున్న నీళ్లు. ఇక్కడ నా తెలివి చూడండి. పుట్టినప్పటి నుంచీ నేను పీట మీద కూర్చుని, చెంబుతో పోసుకునే స్నానం చేశాను. అదే ఇక్కడా చేసి ఉంటే అసలు ఈ గొడవే లేదు. జపానువాళ్లు కూడా అచ్చం అలాగే పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా రుద్దుకుని, ఆ తర్వాతే తొట్టిలో దిగి కాసేపు నానుతారట. ఆ నీళ్లే ఇంటిల్లిపాదికీ. కానీ నేను విదేశం వచ్చినదాన్నాయె. పీట మీద కూర్చోడానికా ఇంత దూరం విమానమెక్కింది?

పీట మీద బట్టలు పెట్టాను. గిన్నెలో నువ్వులనూనె పోసుకుని తలకూ ఒంటికీ పట్టించాను. అమ్మ కట్టిచ్చిన నలుగుపిండి, కుంకుడుపొడి పొట్లాలు విప్పాను. వాటిని కస్టమ్స్‌వాళ్లు ఎలా వదిలారో నాకు ఇప్పటికీ తెలియదు. నలుగు పులుముకుని తొట్టిలోకి దిగి, అందులోనే ముప్పావుగంట తలంటుకున్నాను.

తలుపు తీసేసరికి ముగ్గురూ తువ్వాళ్లతో సిద్ధంగా ఉన్నారు. సచికోగారు లోపలికెళ్లి తొట్టిలోకి తొంగిచూశారు. నీళ్లు మజ్జిగపులుసు రంగులో ఉన్నాయి. పైన తాలింపు వేసినట్టు నూనె తేలుతోంది.

"ఇదేమిటి?" అని మర్యాదగా అడిగారు.

నా కళ్లముందు హారిస్ పార్కు వరస కదిలింది. "మందండీ," అన్నాను. "మా దేశంలో పాతకాలపు వైద్యం."

"మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందా?"

"మోకాళ్లకయితే మరీను."

అమ్మాయిలిద్దరూ ఆ పూట స్నానం మానుకున్నారు. ఆవిడ మాత్రం దిగారు. మర్నాడు మేడమెట్లు చకచకా దిగొచ్చి, గది ఇక నాదేనన్నారు. వచ్చే శనివారం తన స్నేహితురాళ్లు ముగ్గురు మోకాళ్లు తీసుకుని వస్తున్నారని కూడా అన్నారు.

మా క్లాసులో రజియా అని హైదరాబాదు అమ్మాయి ఉండేది. సంగతి చెబితే అది నవ్విన నవ్వుకు మా ఇద్దర్నీ లైబ్రరీలోంచి బయటికి పంపించారు. "ఏమే, నువ్వు ఐటీ చదవనీకొచ్చినవా, హకీమ్ పని చేయనీకొచ్చినవా?" అంది. "ఇయ్యాలనే పోయి సారీ చెప్పెయ్. లేట్ చేస్తే మ్యాటర్ పెద్దగైతది." సారీ చెబితే గది పోతుందన్నాను. చివరికి అదే నాతో ఇండియా సరుకుల షాపుకొచ్చి రెండు కిలోల కుంకుడుకాయలు, నాలుగు కిలోల శనగపిండి మోసింది.

శనివారం ఆ ముగ్గురూ వచ్చి, నడుములు వంచి నమస్కరించి, నన్ను సెన్సెయ్ అన్నారు. అంటే గురువుగారు. ఒకావిడ అడక్కుండానే నాలుక చాపి చూపించారు. నేను చూసి తలూపాను. ఇంకేం చేయను? సచికోగారితో కలిపి నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆ కషాయంలో నానారు. ఒకావిడ కంట్లో కుంకుడురసం పడి కన్ను దానిమ్మగింజైంది. మందు పనిచేస్తోందని మిగతావాళ్లు సంతోషించారు.

వాళ్లు వెళ్లాక తొట్టి బిరడా లాగాను. నీళ్లు కదల్లేదు. పైగా గచ్చు మీది తూములోంచి బుడగలు రావడం మొదలైంది. సోమవారం ప్లంబరు వచ్చి, పొడుగాటి తీగ దూర్చి, చేయంత పొడుగు ముద్ద బయటికి లాగాడు. దాన్ని వాసన చూసి, "మేట్, ఇక్కడ వంట చేస్తున్నారా?" అనడిగాడు.

అతను వెళ్లగానే నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. సచికోగారు టీ పోస్తూ విన్నారు.

"తెలుసు," అన్నారు. "మర్నాడే యుమి ఇంటర్నెట్‌లో వెతికి చెప్పింది, అది తలరుద్దుకునే పొడి అని."

"మరి వాళ్లందర్నీ ఎందుకు పిలిచారండీ?"

"పదేళ్లుగా వాళ్లు మోకాళ్ల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. పోయిన వారమంతా నీ గురించి మాట్లాడారు. నాకెంత హాయిగా ఉందో నీకు తెలియదు." కప్పు నా ముందుకు జరిపి గొంతు తగ్గించారు. "నువ్వు మాత్రం నిజం చెప్పకు. వచ్చే శనివారం నడుంనొప్పివాళ్లు వస్తున్నారు. ఈసారి పిండి కాస్త తక్కువ వెయ్యి."

ఆ టీ చల్లారేలోపు నేను ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరి ఇంటా మొదటి స్నానం చేయను. ఎవరి మోకాళ్లకూ మందు చెప్పను. పాతికేళ్లుగా ఆ మాట మీదే నిలబడ్డాను. నడుముల ఊసు ప్రతిజ్ఞలో లేదు కాబట్టి, ఆ శనివారం లెక్కలోకి రాదు.