ఆన్‌లైన్ కొట్టుకి వచ్చిన ఆది జాకెట్టు

ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టడం పది నిమిషాల పని అన్నాడు మా తమ్ముడు. వైజాగ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసుకునేవాడు, వాడికేం, ఫోన్‌లో చెప్పి పెట్టేస్తాడు. పది నిమిషాలట! కొట్టు ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికే నాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా అన్నం సయిస్తే ఒట్టు.

నేను మొదట్నుంచీ భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చే రకం. అయితే ఈసారి భయానికి కారణం ఉంది. కుట్టుకొట్టు నడిపే మా పిన్ని, కంపెనీ బస్సు ఎక్కుతానని మాటిచ్చేసి కూర్చుంది. చోడవరం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లని తెల్లారకుండానే ఎక్కించుకుని, సముద్రం వైపున్న బట్టల ఫ్యాక్టరీకి తీసుకుపోయే బస్సులున్నాయి. మా పక్క వీధిలో ఉండే సూపర్‌వైజరమ్మ వచ్చి అడిగితే, "క్రిస్మస్ ఎల్లనీమ్మా. అప్పటికీ కొట్టు కుదుటపడకపోతే వచ్చీస్తాను" అంది పిన్ని. ఉద్యోగం చెడ్డదని కాదు. వీధిలో నలుగురైదుగురు ఆ ఉద్యోగంతోనే పిల్లల్ని చదివిస్తున్నారు. కానీ అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో కుట్టు. చేతులు అతికేవాళ్లు ఏడాది పొడుగునా చేతులే అతుకుతారు. కత్తెర పట్టేది వేరే ఎవరో.

మా పిన్ని కత్తెర మనిషి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ కత్తెరే. కె.కోటపాడు నుంచి, రావికమతం నుంచి షేర్ ఆటోల్లో వచ్చి జాకెట్టు గుడ్డలిచ్చి వెళ్లేవారు. పిన్ని ఎవరికీ టేపు పెట్టి కొలిచేది కాదు, ఆది తెమ్మనేది. ఆది అంటే ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో రెండుసార్లు నిమిరి, "కుడి సేత్తో బిందె మోస్తావు గావాల, ఈ బుజం జారిపోనాది" అనేది. వచ్చినామె నోరు వెళ్లబెట్టేది. బీరువాలో ఎన్ని జాకెట్లున్నా ఆడదానికి ఆది ఒక్కటే. ఏ టైలరు చేతిలో పెట్టినా అది చూసే కుడతారు. అది పోతే, ఇక ఏ జాకెట్టూ పట్టేయడమో జారిపోవడమో. మా కొట్టులో గోడకి తీగ కట్టి ఉండేది. దాని మీద ఆదులు, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి. ఇన్నేళ్లలో పిన్ని ఒక్కటి కూడా పోగొట్టలేదు.

అలాంటి తీగ రెండేళ్లలో బోసిపోయింది. సాగే గుడ్డతో రెడీమేడ్ జాకెట్లొచ్చాయి, ఎవరికైనా పడతాయి. ఎవరికీ కుదరవు, అది వేరే సంగతి.

సరే, తమ్ముడు చెప్పిన దారులు. నెలనెలా అద్దె పుచ్చుకుని వెబ్‌సైట్ ఇచ్చేవాళ్లున్నారట. మన పేరు, మన రంగులు, మన ఇష్టం. బాగానే ఉంది, కానీ జనం తిరగని సందులో బోర్డు కట్టుకుని కూర్చుంటే ఎవరొస్తారు? పోనీ ఫోన్‌లో గ్రూపుల్లో ఫోటోలు పెడదామా అంటే, అదీ చేశాను. "సూపర్ అక్కా" అనేవాళ్లే గానీ ఒక్కరూ గుడ్డ పంపలేదు. ఇక మిగిలింది దేశమంతా సబ్బుల దగ్గర్నుంచి ఫ్రిజ్‌ల దాకా కొనుక్కునే పెద్ద యాప్. అది సంత లాంటిది, జనం ముందే ఉన్నారు, మనం వెళ్లి గోనె పరుచుకోవడమే. రోజుకొకటి ఖాయం చేసేదాన్ని, రేపటికి మార్చేసేదాన్ని. తమ్ముడికి విసుగొచ్చి, "అక్కా, ఏదో ఒకటి చెయ్యి, నన్ను చంపకు" అన్నాడు. చివరికి భయమే నా తరఫున నిర్ణయం తీసుకుంది. సంతలోకే వెళ్లాను. పదిమంది నడిచే దారిలో నడిస్తే తప్పు నాది కాదు కదా అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

యాప్‌లో అన్నీ నింపుకుంటూ వెళ్తే సైజు అడిగింది. ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు. అవి తప్ప ఇంకేదీ తీసుకోదు. నవ్వకండి, ఆ గడిలో 'ఆది' అని కూడా కొట్టి చూశాను. గడి ఎర్రగా మారి కసిరింది. దాంతో నంబర్లు ఒక కాగితం మీద రాసి పిన్ని ముందు పెట్టాను.

"ఎవులికే ఇది?" అంది పిన్ని.

"ముప్పై ఆరుకి."

"ముప్పయ్యారెవుల్దే? మనిషిని సెప్పు."

"మనిషెవరో తెలీదు పిన్నీ. ముప్పై ఆరు ఉన్నవాళ్లందరికీ."

"ఓలమ్మో! ముప్పయ్యారున్నోళ్లందరికీ ఒకలాటి బుజాలే ఉంటాయేటే? సంకలు ఒకలాగే ఉంటాయేటి?"

నాకు ఒళ్లు మండింది. "నీకు తెలీదు, నువ్వు కుట్టు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. పిన్ని టేపు తీసి ఆ నంబర్లకే కత్తిరించింది. మొదటిసారి ఆమె కత్తెర ఆగి ఆగి నడవడం చూశాను.

క్రిస్మస్ ముందు ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఎగిరి గంతేశాను. ఆ తర్వాత అదే టింగు వినబడితే గుండె గుభేలుమనడం మొదలైంది. వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చేవి. కారణం అన్నిటికీ ఒకటే, సైజు కుదరలేదు. పార్సిల్ తెచ్చే అతను మా గుమ్మంలో బండి ఆపితే నేను వెనక గదిలోకి పోయేదాన్ని. పిన్నే సంతకం పెట్టి తీసుకునేది. ఒక్కోటీ విప్పి, కుట్టు లోపల వదిలిన బట్ట చూసి, "ఇంకో వేలెడు వదలాల్సింది" అని తనని తానే తిట్టుకునేది. తప్పు నాది, తిట్లు తనకి.

క్రిస్మస్ వెళ్లిన వారం వచ్చిన పార్సిల్ కాస్త లావుగా ఉంది. విప్పితే మా జాకెట్టుతోపాటు ఇంకోటి బయటపడింది. ఉతికి ఉతికి వెలిసిపోయిన ఆకుపచ్చ జాకెట్టు, చంక కింద నీలం గుడ్డ అతుకు, పైనుంచి రెండో హుక్కు పసుప్పచ్చ దారంతో కుట్టి ఉంది. కూడా ఒక చీటీ: 'అమ్మా, గుడ్డ బాగుంది. చంక దగ్గర పట్టేసింది. నా ఆది పంపుతున్నాను. దీని ప్రకారం కుట్టి, ఇదీ అదీ కలిపి పంపించండి.'

అంతే. ఫోన్ నంబరు లేదు, అడ్రసు లేదు. ఎందుకుంటుంది? బట్టలు పంపినవాళ్లకి అడ్రసు తెలీకుండా ఎలా ఉంటుందని ఆమె అనుకుని ఉంటుంది.

మాకు తెలీదు. అడ్రసు ఉన్నది మేం పంపిన పార్సిల్ మీద అంటించిన కాగితంలోనే, దాంతోపాటే పోయింది. యాప్‌లో మిగిలింది ఆమె పేరు, పక్కన ఏలూరు అని ఊరి పేరు. సందేశం పంపుదామంటే, వస్తువు వాపసైంది కాబట్టి ఆ దారి మూసేశారు. సాయం కోసం యాప్‌లో అడిగితే, 'మీ ఇబ్బంది మాకు అర్థమైంది' అని మరమనిషి జవాబు. అర్థమైతే ఏం చేయాలో చెప్పి చావరాదూ! తమ్ముడికి చేస్తే, "పాత జాకెట్టే కదక్కా, వదిలెయ్" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

పిన్ని మాత్రం ఆ జాకెట్టుని తీగ మీద వేసి, పేరు రాసిన చీటీ గుచ్చింది. అప్పటికి ఆ తీగ మీద ఉన్నది అదొక్కటే. రోజూ ప్రార్థనలో, "ప్రభువా, ఆ తల్లి ఏటి ఏసుకుంటన్నాదో ఏటో" అని కలుపుకునేది. నాకు నిద్ర పట్టేది కాదు. కలలో తీగ తెగిపోయేది.

శనివారం సూపర్‌వైజరమ్మ వచ్చింది. సోమవారం బస్సు ఎక్కుతావా అని అడిగింది.

"ఒకావిడ ఆది నా కాడ ఉండిపోనాదమ్మా. అది ఇచ్చీకుండా ఎలాగొస్తాను?" అంది పిన్ని.

ఆమె తెల్లబోయింది. "పాత జాకెట్టు కోసం పని మానుకుంటావేటి? పై సోమవారం దాకా ఆగుతాను. అదే ఆఖరు" అని వెళ్లిపోయింది. పిన్ని ఊ అంది. సాయంత్రం బజారుకెళ్లి కొత్త స్టీలు కేరేజీ ఒకటి తెచ్చి, కడిగి అలమారలో బోర్లించింది. కంపెనీకి అన్నం పట్టుకెళ్లడానికే అని నాకు అర్థమైంది.

ఆ వారంలోనే నాకొక ఆలోచన తట్టింది. మా కొట్టు పేజీలో పైనున్న జాకెట్టు బొమ్మ తీసేసి, అక్కడ ఈ ఆది ఫోటో పెడితే? పిన్ని కయ్యిమంది. "ఒకావిడ ఆది ఊరందరికీ సూపిస్తావేటే? సిగ్గు లేదేటి?" నిజమే. దాంతో జాకెట్టు మడత పెట్టి, పసుప్పచ్చ దారం హుక్కు ఒక్కటీ కనబడేలా ఫోటో తీశాను. కింద కాగితం మీద, 'మీది మా దగ్గర భద్రంగా ఉంది. దీన్నే మళ్లీ ఆర్డర్ పెట్టండి, రెండూ పంపుతాం' అని రాశాను. అది ఎవరి కోసమో ఆ చీటీ రాసినామెకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

రెండో రోజు టింగుమంది. అదే పేరు, ఏలూరు. పిన్ని అంతకుముందే ఆ ఆది ప్రకారం జాకెట్టు కుట్టి, హుక్కులు కూడా వేసి సిద్ధంగా ఉంచింది. రెండూ కలిపి పెట్టి, మా నంబరు చీటీ మీద రాసి, ఈసారి అడ్రసు నోటుబుక్కులో ఎక్కించుకుని పార్సిల్ ఇచ్చేశాం. మర్నాడు యాప్ వాళ్లు సంబంధం లేని ఫోటో పెట్టామని మా కొట్టు మూసేశారు. మూతపడ్డ కొట్టు చూసి ఏడ్చానా అంటే, ఏడ్చాను. నేను ఎంచుకున్న కొట్టే కదా. పిన్నిని బస్సెక్కించేది నేనే కదా.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. స్పీకర్ పెట్టాను.

"ఏలూరు నుంచండీ. చేరాయండీ, రెండూ చేరాయి" అంది ఆడగొంతు. "కొత్తది ఇప్పుడు నా ఒంటి మీదే ఉందండీ. ఆ పాతది పారేశారేమో అనుకున్నానండీ. తెలివితక్కువ పని చేశానని మావారు ఒకటే సణుగుడు. రోజూ మీ కొట్టు తెరిచి చూసుకునేదాన్ని. ఆ హుక్కు కనబడేసరికి ఏడుపొచ్చేసిందండీ."

"ఆ హుక్కు ఎవులు కుట్టేరమ్మా?" అంది పిన్ని.

"నేనేనండీ."

"అదే, వంకరగా ఉన్నాది." ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కళ్లు అలమారలో కేరేజీ మీదే ఉన్నాయి. "ఆ పాత జాకెట్టు కుట్టినావిడిది మంచి సెయ్యమ్మా. ఆవిడి కాడికే ఎల్లకపోయావేటి?" అంది పిన్ని.

"ఎక్కడండీ, ఆవిడ కొట్టు ఎత్తేసి బట్టల కంపెనీలో చేరిపోయింది. వెళ్తూ వెళ్తూ ఎవరి ఆది వాళ్లకి ఇచ్చేసింది. అది పట్టుకుని నేను ఊళ్లో ఎక్కని గుమ్మం లేదండీ. అందరూ సైజెంత అంటారే గానీ దాన్ని విప్పి చూసినవాళ్లు లేరు."

పిన్ని ఫోన్ మీదికి వంగింది. "ఇప్పుడేటి కుడతన్నాదంట?"

"కాలర్లటండీ. ఒట్టి కాలర్లే."

పిన్ని వెనక్కి జరిగి బల్లని పట్టుకుంది.

"మా చెల్లెలిక్కూడా కుట్టించాలండీ" అంది ఏలూరావిడ. తర్వాత గొంతు తగ్గించి, "మీరూ ఎత్తెయ్యరు కదా?" అంది.

నేను కేరేజీ మీంచి చూపు తిప్పి పిన్నిని చూశాను.

"ఎత్తెయ్యనమ్మా" అంది పిన్ని. "సెల్లెల్ని ఆది పంపమను."

పంపమను అనేసింది గానీ ఎక్కడికి? నెలన్నర తేల్చుకోలేని నేను ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా తమ్ముడికి ఫోన్ చేశాను. రెండే అడిగాను. కొన్నవాళ్ల అడ్రసు, ఫోను మా దగ్గరే ఉంటాయా? సైజు గడి తీసేయొచ్చా? అద్దె వెబ్‌సైట్‌లో రెండూ కుదురుతాయన్నాడు. "కానీ సైజు లేకుండా జాకెట్లు ఎవరు కొంటారే?" అన్నాడు. "అమ్మడం లేదురా, కుడుతున్నాం" అన్నాను. సైజు ఉండాల్సిన చోట పిన్ని చెప్పింది చెప్పినట్టు రాశాను: మీకు కుదిరిన పాత జాకెట్టు ఒకటి పంపండి, జాగ్రత్తగా తిరిగి పంపిస్తాం.

సోమవారం బస్సు వెళ్లిపోయింది. సూపర్‌వైజరమ్మ ఇప్పుడు మాట్లాడటం లేదు. ఈ కొట్టు నిలుస్తుందో లేదో నాకు తెలీదు. ఫోన్ టింగుమంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఎవరి ఆది దారిలో పోతుందో అని కొత్త భయం ఒకటి చేరింది.

గురువారం పార్సిల్ వచ్చింది. గులాబీ రంగు ఆది. పిన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

"ఎవులికే ఇది?" అంది.

"ఏలూరావిడ చెల్లెలికి" అన్నాను.

పిన్ని సుద్దముక్క తీసింది.