మూసీ ఇసుకలో దొరికిన పన్ను

మా సైన్స్ సారు పోయారని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పాలకీడు బడిలో పాఠం చెబుతున్నాను. వెళ్లి కడసారి చూసొచ్చాను. ఆయన నాకిస్తానన్న పన్ను సంగతి ఆ రోజు అడగబుద్ధి కాలేదు.

ఆ పన్ను గురించి మీకు చెప్పాలి. పెన్‌పహాడ్‌లో మేం చదువుకునేటప్పుడు బడికి కొత్త గది కడుతున్నారు. మూసీ ఇసుక జల్లెడ పడుతుంటే చెప్పంత నల్లరాయి ఒకటి తగిలింది, మీద వరసగా గట్లు. మేస్త్రీ దాన్ని పునాదిలో పడేయబోతే సారు ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవయ్యా! రాయి కాదది, ఏనుగు దవడపన్ను. మన మూసీ ఒడ్డున గడ్డి నమిలిన పన్ను!"

మూసీ కాడ ఏనుగులేందని మేం ఒకటే నవ్వు.

ఆయనకు డైనోసార్లంటే చిరాకు. "గవి పోయినంక ఆరున్నర కోట్ల ఏండ్లు ఎవలెవలు బతికిండ్రో ఒక్కడన్న అడుగుతడా?" అనేవారు. ఆ కాలమెంతో తెలియడానికి మమ్మల్ని సూర్యాపేట నుంచి కోదాడకు ఉత్తుత్తి బస్సెక్కించేవారు. "సూర్యాపేటల డైనోసార్లు దిగిపోయినయ్. గుర్రాలు, తిమింగలాలు, ఏనుగులు తొవ్వల ఒక్కొక్కటే ఎక్కుతున్నయ్. మనిషి ఎప్పుడెక్కిండో ఎరికేనా? బస్సు కోదాడ బస్టాండులకు మలిగినంక! ఎక్కంగనే బస్సు నాదన్నడు."

మొన్న వేసవిలో సారింటికి వెళితే ఆ పన్నును షోకేసులోంచి తీసి రుమాలుతో తుడుస్తూ, "నేను పోయినంక ఇది నీ బడికి. అద్దాల పెట్టెల పెట్టకు, పిల్లల చేతులకియ్యి" అన్నారు. అవేం మాటలు సార్ అని కసురుకున్నాను. కానీ పన్ను తెస్తానని మా పిల్లలకు చెప్పేశాను.

దశదినకర్మ నాడు చూస్తే షోకేసులో పన్ను లేదు. సారు భార్యను మేం అమ్మా అనే పిలుస్తాం. ఆమెనడిగాను.

"అది ఏ జీవునిదో బిడ్డా. ఇన్నేండ్లు ఇంట్ల పెట్టుకున్నం. దానికి ఎవలు కర్మ చేసిండ్రు? సారు బొక్కలు, బూడిదతోటే మూసీ కృష్ణల కలిసే వాడపల్లి కాడ గంగల కలపమన్న."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ముఖం చూశాను. ఆ ఏనుగు చచ్చిపోయిందని బాధపడిన మనిషి ఆమె ఒక్కతే కావచ్చు. అయినా నా కోపం చల్లారలేదు. సారు చివరి కోరిక తీర్చలేకపోయానన్న దిగులు అంతకన్నా ఎక్కువ.

"టీచర్, పన్ను తెచ్చిన్రా?" అని పిల్లలు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఎవరింటి ముందు ఇసుక ట్రాక్టర్ దిగినా నా కాళ్లు ఆగిపోతాయి. జల్లెడ పట్టే మనిషిని "జర ఆగన్నా" అని, కుప్పలోకి చెయ్యి పెడతాను. తడి ఇసుక మోచేతి దాకా చల్లగా తగులుతుంది.